మచ్చు చూసి ఇచ్చిన దానం

మా మావయ్య జీవితంలో ఒకే ఒక్క పెద్ద దానం చేశాడు. అందులో పెళ్లి వంట సామాను వెళ్తుంటే అత్తయ్య చూసింది.

ఆ దానం ఒక అంబులెన్సు. ఏదో సేవా సంస్థ వాళ్లు ఇంటికొచ్చి, శాలువా కప్పి, బండి తలుపు మీద పేరు రాయిస్తామన్నారు. రాయించారు కూడా, ఆ విషయంలో మాట తప్పలేదు. కొన్నాళ్లకి అత్తయ్య ఒక పెళ్లికి ఆటోలో వెళ్తుంటే ముందు అదే బండి. వెనక తలుపు సగం తెరిచి ఉంది. లోపల గుండిగలు, జల్లిగరిటెలు, ఒక వంటమనిషి. సాంబారు చల్లారకుండా సైరన్ వేసుకుని పోతున్నారు. దారి పొడుగునా అత్తయ్య తన భర్త పేరు చదువుకుంటూ వెళ్లింది.

మావయ్య మోసపోయే మనిషి కాదు. గుంటూరు మిర్చి యార్డులో ఎగుమతి వ్యాపారుల తరఫున కాయ కొంటాడు. బస్తా పైన కనబడే కాయని నమ్మడు. మూతి విప్పించి, మోచేతి దాకా చెయ్యి పెట్టి, అడుగునుంచి గుప్పెడు తీస్తాడు. దాన్నే మచ్చు అంటారు. ఒక కాయ విరిచి వాసన చూస్తాడు, గింజ చూస్తాడు, నెమ్ము ఎంతో, రంగుపోయి తెల్లబడ్డ తాలుకాయ ఎంతో చెప్తాడు. అంత మనిషీ అంబులెన్సు దగ్గర దెబ్బతిన్నాడు. అది బస్తాలో రాలేదు కదా అన్నది ఆయన వాదన.

ఆ తర్వాత అత్తయ్యకి కంట్లో శుక్లాలొచ్చాయి. ఆపరేషన్ చేయించాం. కట్టు విప్పి ఇంటికి తీసుకొచ్చిన రోజు ముందు ఫ్యాను రెక్కల మీద దుమ్ము చూసింది. తర్వాత మావయ్యని చూసింది. ఫ్యానుని తుడిపించింది.

ఆసుపత్రిలో ఆమె పక్క మంచం మీద పత్తి తీతకి వెళ్లే ఒక ముసలావిడ ఉండేదట. కొన్నేళ్లుగా చూపు లేదు. ఆపరేషన్ ఉచితమే, కానీ తీసుకొచ్చే మనిషి లేక అన్నాళ్లు ఆగింది. అత్తయ్య మనసులో ఆవిడ ఉండిపోయింది. అత్తయ్యకి పుట్టింటివాళ్లు పసుపు కుంకుమ కింద ఇచ్చిన చేను ఒకటుంది. దాని మీద పండే మిర్చికాయ అత్తయ్యదే. మావయ్య దాన్ని అమ్మిపెట్టగలడు గానీ ఆ డబ్బు అడగలేడు.

"కోల్డ్ స్టోరేజీలో ఉన్న నా కాయ అమ్మెయ్యండి. కళ్లు కనబడనివాళ్లకి ఇస్తాను," అంది ఒకరోజు అన్నాల దగ్గర.

"మంచిదే. ఎవరికిద్దాం?" అన్నాడు మావయ్య.

"అది మీరు చెప్పొద్దు. ఇది నా కాయ. ఇది కూడా ఎవరి పెళ్లికో పప్పు మోసిందని తెలిసిందా, మీరు యార్డులోనే పడుకోండి. ఇంటికి రానక్కర్లేదు."

మావయ్య నా వైపు తిరిగాడు. నేను బ్రాడీపేటలో ఒక కోచింగ్ సెంటర్లో అకౌంటెన్సీ చెప్తాను. మా వైపు చుట్టాల్లో అది ఒక చదువుగా లెక్కలోకి వచ్చిన మొదటి సందర్భం అదే.

"ఏరా, పిల్లకాయలకి లెక్కలు చెప్తావుగా. ఈ సంస్థలవాళ్ల లెక్కలు చూసి చెప్పు. తేడా వస్తే నువ్వూ నాతోపాటే యార్డులో పడుకుంటావు."

నేను చదువుకున్నవాళ్ల పద్ధతిలో మొదలుపెట్టాను. రిజిస్ట్రేషన్ ఉందా, ఆదాయపు పన్ను మినహాయింపు ఉందా, ఆడిట్ చేయించిన లెక్కలు బయట పెట్టారా, పోయినేడు ఏం చేశారో రాశారా. ఇంటర్నెట్లో అన్ని కంటి సంస్థలకీ ఒకే ఫొటో ఉంటుందని అప్పుడు తెలిసింది. ముడతల మొహంతో నవ్వుతున్న అవ్వ. ఆ అవ్వే ఇంకో సంస్థ వాళ్ల దగ్గర వికలాంగుల పింఛను కోసం కూడా నవ్వుతోంది.

చివరికి రెండు మిగిలాయి. ఒకటి తాడేపల్లిలో, ఇంకోటి కొత్తపట్నం దగ్గర.

తాడేపల్లికి ముందుగా ఫోన్ చేసి ముగ్గురం వెళ్లాం. అదే పొరపాటు. ఫోన్ చేసి వెళ్తే శాలువా సిద్ధంగా ఉంటుంది. పై అంతస్తు ఆఫీసు, కిటికీలోంచి కృష్ణానది, బల్ల మీద జీడిపప్పు. టై కట్టుకున్న కుర్రాడొకడు లాప్‌టాప్ తెరిచాడు.

"మాది వంద శాతం సేవ సార్. మీరిచ్చిన దాంట్లో ఒక్క రూపాయి కూడా నిర్వహణకి వాడం."

"మరి ఈ ఏసీ?" అన్నాడు మావయ్య.

"అది ఒక దాత ఇచ్చారండి."

"కరెంటు బిల్లు?"

కుర్రాడు ఆలోచించాడు. "అదీ ఒక దాతే అండి."

"నీ జీతం?"

కుర్రాడు స్లైడు మార్చాడు.

నేను ఆడిట్ లెక్కలు అడిగాను. వెబ్‌సైట్ అప్‌డేట్ అవుతోందన్నాడు. ఎప్పట్నుంచి అవుతోందని అడగలేదు, మొహమాటం. అత్తయ్యకి అలాంటివి లేవు.

"పోయిన నెల ఆపరేషన్ చేయించుకున్న మనిషినొకళ్లని చూపిస్తావా నాయనా?"

"వీడియో ఉందండి." వేశాడు. వీణ వాయించారు. అవ్వ నవ్వింది.

"బాగుంది. మనిషిని చూపించు."

"వాళ్లంతా మారుమూల ఊళ్లలో ఉంటారండి."

"మాదీ మారుమూలేగా. కారుంది, పదండి పోదాం."

కుర్రాడు మాట మార్చి, మీ పేరు మా క్యాంపు వ్యాను మీద పెద్దక్షరాలతో రాయిస్తామమ్మా అన్నాడు. వ్యాను అన్న మాట వినగానే మావయ్య లేచి నిలబడ్డాడు. జీడిపప్పు ముట్టలేదు. ఆయన ఎంత కదిలిపోయాడో చెప్పడానికి అంతకంటే కొలత నాకు తెలీదు.

కారులో అన్నాడు: "యార్డులో ఎవడైనా నాకు కమీషన్ వద్దు అన్నాడంటే నేను కాటా పక్కనుంచి కదల్ను. వాడు తూకంలో తీసుకుంటాడు."

కొత్తపట్నం వాళ్లకి ఫోన్ చెయ్యలేదు. వాళ్లని నేను ఎంచుకోవడానికి కారణం వాళ్ల నివేదిక. ఎంతమందికి ఆపరేషన్లు చేశారో రాసి, దాని కిందే ఎంతమందికి చూపు అనుకున్నంత రాలేదో, ఎంతమంది చెకప్‌కి మళ్లీ రాలేదో రాసుకున్నారు. ఎందుకలా జరిగిందో కూడా రాశారు. మావయ్యకి చదివి వినిపిస్తే మళ్లీ చదవమన్నాడు. తన కాయలో తాలెంతో తానే చెప్పే రైతుని ఆయన ఇన్నేళ్లలో చూళ్లేదట.

ఒంగోలు దాటి, సముద్రపు గాలి తగిలే చోట ఒక పాత డాబా. ముందు బెంచీల మీద చేపలమ్మే ఆడవాళ్లు, కొందరు ముసలి మగవాళ్లు. నడిపించేది యాభై దాటిన ఒకావిడ. మెళ్లో దారానికి కళ్లజోడు, చేతిలో చుక్కల మందు. "కూర్చోండి, ఈ వరస అయ్యాక మాట్లాడదాం," అన్నారు. శాలువా లేదు. వరసలో కూర్చున్నాం. ఆవిడ పొరపాటున మావయ్య కన్ను కూడా తెరిచి చూశారు.

ఆ ఖాళీలో మావయ్య ఊరుకోలేదు. మందుల అలమారా దగ్గరికెళ్లి, అట్టపెట్టెల్లో అన్నిటికంటే అడుగుది లాగి, తేదీ చూశాడు. ఆవిడ వెనక్కి తిరక్కుండానే, "పైవి కూడా చూడండి. అవీ మంచివే," అన్నారు.

లెక్కలడిగితే ఫైలిచ్చారు. నేను చూశాను, బాగున్నాయి. అత్తయ్య నా మొహం చూసి తలూపింది. మావయ్య మొహం చూస్తే మాత్రం ముడుచుకుని ఉంది. యార్డు తెలిసినవాళ్లకి ఆ మొహం అర్థం తెలుసు. సరుకు నచ్చితే కొనేవాడు మొహం ముడుస్తాడు. బాగా నచ్చితే తిడతాడు. మెచ్చుకుంటే రేటు పెరుగుతుంది కదా.

"గది ఇరుకమ్మా," మొదలుపెట్టాడు. "గోడ నెమ్ము పట్టింది. లెక్కల్లో చూస్తే సగం జీతాలే."

"డాక్టరు గారు ఊరికే చెయ్యాలంటారా?"

"అని కాదు. సరే, ఎంతకి పడుతుంది?"

"ఏది?"

"కన్ను."

ఆవిడ చెప్పారు. మావయ్య తల అడ్డంగా ఊపాడు. అది ఆయన ఊపలేదు, ముప్ఫై ఏళ్ల యార్డు ఊపింది.

"చివరి మాట చెప్పండి. మేం గంపగుత్తగా తీసుకుంటాం."

బెంచీల మీదవాళ్లంతా ఇటు తిరిగారు. ఆవిడ కళ్లజోడు తీశారు.

"మీరు ఇవ్వడానికి వచ్చారా, కొనడానికి వచ్చారా?"

"ఇవ్వడానికే."

"అయితే మా దగ్గర వద్దులెండి. ఒంగోల్లో ఇంకొకళ్లున్నారు. వాళ్లూ బాగా చేస్తారు. అడ్రసు రాసిస్తాను." నిజంగానే కాగితం తీసుకున్నారు.

మావయ్య ఆ కాగితం వంకే చూస్తున్నాడు. యార్డులో కొనేవాడు తిడితే అమ్మేవాడు బతిమాలతాడు, లేదా తిరిగి తిడతాడు. పక్క కొట్టు అడ్రసు రాసిచ్చేవాడు ఉండడు. అత్తయ్య మొహం చూశాను. నచ్చిన చోటు దొరికింది, అది చేజారిపోతోంది, అదీ ఈ మనిషి వల్లే, మళ్లీ.

"ఏమ్మా, ఒక్క నిమిషం," అంది అత్తయ్య. "ఈయన నచ్చినదాన్నే తిడతారు. పెళ్లిచూపుల్లో నా ముక్కు లావన్నారు."

ఆవిడ మర్యాదగా ముక్కు వైపు చూశారు. "మరి?"

"మా నాన్న లేచి పొమ్మన్నాడు. పొద్దుగూకే లోపు తిరిగొచ్చారు."

బెంచీ మీంచి ఒక ముసలామె, "ముక్కుకేం, బానే ఉందిగా," అంది. ఇంకొకామె, "చూపు సరిగా వచ్చాక చెప్పు," అంది. కళ్లజోడావిడ మొహం కొంచెం సడలింది. కాగితం పక్కన పెట్టారు.

"ఇవాళ ఏమీ ఇవ్వకండమ్మా. వచ్చేవారం ఆపరేషన్ అయినవాళ్లు చెకప్‌కి వస్తారు. మీరు వచ్చి వాళ్లనే అడగండి. నేను పక్కన ఉండను. అప్పటికీ ఇవ్వాలనిపిస్తే ఇవ్వండి."

వారం తర్వాత వెళ్లాం. దారిలో మావయ్యకి అత్తయ్య ఒకే షరతు పెట్టింది, లోపల నోరు విప్పకూడదని. ఆయన బెంచీ చివర, పరీక్ష హాల్లో పిల్లాడిలా కూర్చున్నాడు. అత్తయ్య ఆడవాళ్ల మధ్యలో కూర్చుంది.

"కనబడుతోందా?" అని మొదటామెని అడిగింది.

"కనబడతంది తల్లో, అదే నా కర్మ. నా కోడలు పులుసులో ఉప్పు ఎంత దిమ్మరిస్తదో ఇన్నాళ్లూ తెలీలా."

"డబ్బులేమైనా అడిగారా?"

"ఎవురు, కోడలా?"

"వీళ్లు."

"వీళ్లడగరు. బస్సు చార్జీలు వాళ్లే ఇచ్చారు. కోడలడుగుద్ది."

ఇంకొకామె తనకి మసగ్గానే ఉందంది. మళ్లీ వస్తే వేరే డాక్టరుకి చూపిస్తామన్నారట, అంతవరకు చెప్పింది, తిట్టలేదు, పొగడలేదు. అత్తయ్యకి ఆ మాట వీణ కంటే నచ్చినట్టుంది. అందరితో మాట్లాడటం అయ్యాక బెంచీలు ఒకసారి కలియజూసి, నడిపించే ఆవిడని పిలిచింది.

"వీళ్లందరూ వచ్చారు సరే. రావలసినవాళ్లలో రానివాళ్లేరీ?"

ఆవిడ మొదటిసారి అలసటగా కనబడ్డారు. "అదేనమ్మా మా బాధ. చుక్కలు వేసుకోరు, చెకప్‌కి రారు, కన్ను పాడవుతుంది. ఫోన్ చేస్తే ఎత్తరు. ఇళ్లకెళ్లి అడిగే పిల్ల ఒకతె ఉండేది. జీతం ఇవ్వలేక పంపేశాం. ఆపరేషన్‌కి ఇస్తారు, కళ్లజోళ్లకి ఇస్తారు. జీతానికంటే ఎవరూ ఇవ్వరు."

అత్తయ్య మెల్లగా మావయ్య వైపు తిరిగింది. ఆయన అప్పటికే నేల చూస్తున్నాడు.

"నా కాయ డబ్బంతా ఆ పిల్ల జీతానికే," అంది అత్తయ్య.

మావయ్య షరతు మర్చిపోయాడు. "జీతం మీద పేరెక్కడ రాయిస్తామే?"

"రాయించేదేం లేదు. ఆ పిల్ల ఇళ్లకి తిరిగితే చాలు."

నా వంతు నేనూ చేశాను. చెక్కు సంస్థ పేరునే రాయించాను, రసీదు తీసుకున్నాను. ఒకేసారి కాకుండా ఏడాదికింతని, పోయినేటి లెక్కలు చూశాకే తర్వాతది ఇచ్చేట్టు మాట్లాడాను. ఆవిడ సరే అన్నారు, పైగా అలా అడిగేవాళ్లు తక్కువన్నారు. మావయ్య చెక్కు రాస్తుంటే అలవాటుగా బేరానికి పెదాలు కదిలాయి. అత్తయ్య చూసింది. ఆగిపోయాయి.

చుట్టాలకి చెప్పడమే కష్టమైంది. ఒక శుభకార్యంలో ఎవరో, "కంటాసుపత్రి కట్టించారటగా," అన్నారు. "లేదు, ఒకమ్మాయికి జీతం ఇస్తున్నాం," అన్నాడు మావయ్య. అడిగినాయన అత్తయ్య వైపు జాలిగా చూసి, ఇంకేం అడక్కుండా భోజనాల వైపు వెళ్లిపోయాడు.

ఆ పిల్ల వారం వారం అత్తయ్యకి ఫోన్ చేస్తుంది. వచ్చినవాళ్ల గురించి అత్తయ్య అడగదు. రానివాళ్ల గురించే అడుగుతుంది. అందులో పడవలకి రంగులేసే ఒక పెద్దాయన ఉన్నాడు. ఆపరేషన్ చేయించుకున్నాడు, చెకప్‌కి రాడు. ఆ పిల్ల వెళ్తే పడవ అవతలి పక్కకి వెళ్తాడట.

మొన్న నేను క్లాసులో ఉండగా మావయ్య ఫోన్ చేశాడు. వెనక యార్డు చప్పుడు, ఎవరో బస్తా మూతి విప్పమని అరుస్తున్నారు.

"ఒరేయ్, ఆ పడవలాయన వచ్చాడా?"

"నాకేం తెలుసు మావయ్యా. అత్తయ్యనడుగు."

"అడిగితే మీకెందుకంటోంది. నువ్వు చూసే రిపోర్టులో రాదా?"

"ఏడాది చివర వస్తుంది."

"అప్పటిదాకా కన్ను ఆగుద్దంట్రా?" అన్నాడు. పక్కన రైతెవరో కాయ ఎలా ఉందండీ అని అడుగుతున్నాడు. ఈయన తిట్టడం కూడా మర్చిపోయి, "బానే ఉంది, బానే ఉంది," అంటున్నాడు.