మడ్‌గార్డును మెచ్చుకున్న మనిషి

ఈ రోజు చిరాగ్‌పల్లిలో మా బస్వరాజ్ పటేల్ తన నాయన నాటి మోటారు కారును ఆలుగడ్డల ట్రాలీగా మార్చబోయాడు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు బొంబాయిలో ప్రత్యేకంగా బాడీ కట్టించిన బండి అది. మడ్‌గార్డులు కోయడానికి వెల్డర్ గ్యాసు కూడా వెలిగించాడు. అంతలో రోడ్డున పోతున్న ఒక పెద్దమనిషి కారు ఆపి వచ్చాడు. ముందు చక్రం మీంచి ఫుట్‌బోర్డు దాకా జారిన వంపును అరచేత్తో నిమిరాడు.

మా సంతలో ఎద్దును కొనేవాడు ముందు దాని పళ్లు చూసి పెదవి విరుస్తాడు. ఇతను ఒక్క వంకా పెట్టలేదు. నాకూ అనుమానం వచ్చింది.

"ఎంతకు అడుగుతరు సాబ్?" అన్నాడు పటేల్.

"కొననీకి రాలేదండీ. ఇది సుత్తితో కొట్టి తీసిన వంపు. ఇట్ల తీసేటోళ్లు ఇప్పుడు లేరు. జర కొయ్యకున్రి," అని నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు.

పటేల్ వెంటనే వెల్డర్‌ను ఆపాడు. "ధర అడగకుంట పోయిండంటే గీ రేకుల ఏదో ఉన్నది. అదేందో తెలిసేదాంక ఎవ్వరు ముట్టద్దు!"

"అందం ఉన్నది పటేలా," అన్నాను.

"నువ్వు గూడ వానితోని కలిసినవా?"

సాయంత్రానికి షెడ్డుకు తాళం పడింది. నేను అటు తిరిగి చూసినా పటేల్ ఊరుకోవడం లేదు. ఊరికే చూసి, సంతోషపడి పోయే మనిషిని మీరైతే నమ్ముతారా?