చెల్లెలు ఏం తింటోందో చూడబోయి

2012 అక్టోబరులో ఒక గురువారం సాయంత్రం, ఐదు గంటలప్పుడు, మా చెల్లెలు మంజుల ఉండే హాస్టల్ నుంచి ఆమె రూమ్మేట్ ఫోన్ చేసింది. "అక్కా, మంజుల లైబ్రరీ మెట్ల మీద కండ్లు తిరిగి పడ్డది. ఇప్పుడు మంచిగనే ఉన్నది. కని మీరొకసారి వచ్చిపోతే బాగుంటది" అంది.

మంజుల నాకంటే పదేళ్లు చిన్నది. అశోక్‌నగర్‌లో ఉండి గ్రూప్స్ పరీక్షలకు చదువుతోంది. అది మూడో ఏడు, పరీక్షకు ఆరు వారాలే ఉంది. మేముండేది మహబూబ్‌నగర్‌లో. నేను ఒక బడిలో జీవశాస్త్రం చెబుతాను. పన్నెండేళ్లుగా ప్రతి జూన్‌లోనూ నేను మొదలుపెట్టే పాఠం పోషణే. పిండిపదార్థాలు, మాంసకృత్తులు, కొవ్వులు, విటమిన్లు, ఖనిజాలు అని బోర్డు మీద గళ్లు గీసి పిల్లలచేత నింపిస్తాను. అలాంటిది నా చెల్లెలే తిండి లేక పడిపోయిందంటే నాకు తలకొట్టేసినట్టయింది. అమ్మది ఒకటే మాట: "పరీక్ష లేదు ఏం లేదు. తోలుకొని రా."

శుక్రవారం పొద్దున ఏడింటికి కాచిగూడ ప్యాసింజర్ ఎక్కాను. కిటికీ పక్క సీటు దొరికింది. జడ్చర్లలో ఒక కూలీ జంట ఎక్కి ఎదురుగా కూర్చున్నారు. ఆమె ఒళ్లో చిన్న మూట. అందులో ఏముందని అడిగితే నవ్వింది. "జొన్నపిండమ్మా. పట్నంల దొరకక కాదు, మా మిల్లు పిండి తింటెనే కడుపు నిండినట్టు ఉంటది" అంది. రాంనగర్ దగ్గర ఏదో అపార్ట్‌మెంటు పనికి పోతున్నారట. భర్త ఆ మూట మీద తల వాల్చి షాద్‌నగర్ దాకా నిద్రపోయాడు.

పదింటికి కాచిగూడలో దిగాను. మా వైపు నుంచి అశోక్‌నగర్ వెళ్లేవాళ్లకు స్టేషన్ బయటి ఆటోల కంటే రోడ్డు మీదికి నడిచి పట్టుకునే ఆటోలు నయం, మీటరు వేస్తారు. బర్కత్‌పురా, నారాయణగూడ, చిక్కడపల్లి మీదుగా ఇరవై నిమిషాలు పట్టింది. చిక్కడపల్లి దాటగానే ఎటు చూసినా కోచింగ్ సెంటర్ల బోర్డులే. వాటి కింద జిరాక్స్ షాపులు, వాటి పక్కన కర్రీ పాయింట్లు, వాటి ముందు టీ బండ్లు. బండి దగ్గర నిలబడ్డ ప్రతి పిల్లకూ పిల్లవాడికీ ఒక చేతిలో పుస్తకం, ఒక చేతిలో టీ గ్లాసు.

హాస్టల్ మూడో అంతస్తులో. గదిలో మూడు మంచాలు, మూడు బక్కెట్లు. మంజుల మంచం మీద కూర్చుని చదువుతోంది. బుగ్గలు పీక్కుపోయాయి. నన్ను చూసి లేవబోయి గోడ పట్టుకుంది.

"నన్ను తీసుకపోను వచ్చినవు కదా అక్కా?" అంది, కూర్చోమనకుండానే.

"అవును."

"ఇంటికొస్తే తింట. కని చదవ. ఇంట్లకు వచ్చినంక ఎవరైనా చదవనిస్తరా? ఇగ గంతే, పెండ్లి చూపులే."

గెస్టుగా రెండు రోజులు ఉంటానని హాస్టల్ ఆమెకు చెప్పి, మధ్యాహ్నం మెస్‌లో భోంచేశాను. అన్నం, నీళ్ల పప్పు, బంగాళాదుంప కూర, అప్పడం. అన్నం ఎంతైనా పెడతారు. పప్పులో పప్పు వెతుక్కోవాలి.

తిన్నాక కూర్చుని ఒక తెల్ల కాగితం మీద మంజులకు తిండి ప్రణాళిక రాశాను. పొద్దున పాలు, మొలకలు. తొమ్మిదింటికి ఇడ్లీ, గుడ్డు. మధ్యాహ్నం ఆకుకూర పప్పు, పెరుగు, పచ్చి కూరగాయ ముక్కలు. నాలుగింటికి పండు. రాత్రి చపాతీ, కూర, పాలు. బోర్డు మీద రాసినట్టే గుండ్రంగా రాశాను. మంజుల చదివి, పడీ పడీ నవ్వింది.

"పరీక్షల రాస్తే దీనికి పదికి పది మార్కులొస్తయి అక్కా. కని నా రూంల స్టవ్ లేదు, ఫ్రిజ్ లేదు. తొమ్మిదింటికి నేను ఇక్కడ ఉండనే ఉండ."

సాయంత్రం ఐదింటికి నారాయణగూడలో ఒక సందులో ఉన్న క్లినిక్‌కి వెళ్లాం. నడిచే దూరమే గాని మంజుల కోసం ఆటో ఎక్కాం. డాక్టరమ్మకు యాభై అయిదేళ్లుంటాయి. మాటలో తొందర లేదు. మంజుల కింది కనురెప్ప లాగి చూసింది, గోళ్లు చూసింది. "నిన్న పొద్దుగాల లేచినకాడికెల్లి ఏమేం తిన్నవో చెప్పు బిడ్డా. దాచకు" అంది.

మంజుల చెప్పింది. పొద్దున ఆరింటికి బండి మీద టీ, రెండు బిస్కెట్లు. పదకొండింటికి మళ్లీ టీ. రెండింటికి కర్రీ పాయింట్ నుంచి తెచ్చిన సాంబారుతో మెస్ అన్నం, వెంటనే టీ. సాయంత్రం మిర్చి బజ్జీ. రాత్రి ఆకలి చచ్చిపోయి రెండు ముద్దలు.

డాక్టరమ్మ తల ఊపి, అనుకోకుండా నావైపు తిరిగింది. "మీరేమైతరు?"

"అక్కను."

నా కనురెప్ప కూడా లాగి చూసింది. "మెట్లెక్కితే దమ్ము వస్తదా?"

హాస్టల్ మూడో అంతస్తు ఎక్కేటప్పుడు రెండుచోట్ల ఆగిన సంగతి గుర్తొచ్చింది. వయసు నలభైకి దగ్గరపడింది కదా, అందుకేననుకున్నాను. "మీరు కూడా పరీక్షకు రక్తం ఇచ్చిపోండి" అంది డాక్టరమ్మ. వద్దనడానికి నోరు తెరిచాను గాని, చెల్లెలు అప్పటికే నా చేతిలోని సంచి తీసుకుంది.

శనివారం పొద్దున ఆరున్నరకు మంజులతో లైబ్రరీకి వెళ్లాను. అప్పటికే గేటు ముందు పొడుగు లైను. తలుపు తీయగానే పరుగెత్తి సీటు మీద సంచి పెడితే ఆ రోజుకు ఆ సీటు మనది. లేకపోతే చెట్టు కింద కూర్చోవడమే. హాస్టల్‌లో టిఫిన్ ఎనిమిదిన్నరకు. అందుకోసం వెనక్కి వెళితే సీటు పోతుంది. లైనులో మా ముందున్న అమ్మాయిది నల్లగొండ. "టిఫిన్ తిని ఎన్ని దినాలైందమ్మా?" అని అడిగాను. కాసేపు ఆలోచించి, "దసరా సెలవులల్ల ఇంటికి పోవాలె, అప్పుడు తింట" అంది.

నిన్న రాసిన కాగితం ఎందుకు పనికిరాదో ఆ లైనులో నిలబడితే అర్థమైంది. ఏది మంచిదో ఆ పిల్లలందరికీ తెలుసు. అవి పరీక్షలో వచ్చే ప్రశ్నలే. ఏ విటమిన్ లోపిస్తే ఏ జబ్బో గడగడా చెప్తారు. తిండిని నడిపిస్తున్నది ఆ తెలివి కాదు, సీటు.

పదకొండింటికి రిపోర్టులు తీసుకుని మళ్లీ డాక్టరమ్మ ముందు కూర్చున్నాం. పన్నెండు ఉండాల్సిన హిమోగ్లోబిన్ మంజులకు తొమ్మిది. నాది ఎనిమిది కూడా లేదు.

నేను కాగితాలు తారుమారు అయ్యాయన్నాను. డాక్టరమ్మ నవ్వలేదు. "ఇప్పుడు మీరు చెప్పండి. మొన్న పొద్దుటి నుంచి ఏం తిన్నరు?"

మొదలుపెట్టాను. ఐదింటికి లేచి టీ. మా ఆయనకు, ఇద్దరు పిల్లలకు టిఫిన్, డబ్బాలు. ఎనిమిదింటికి గిన్నె అడుగున మిగిలిన ఉప్మా నిలబడే తిన్నాను. కూర వాళ్ల డబ్బాల్లోకి సరిపోయింది కనుక నా డబ్బాలో అన్నం, మామిడికాయ తొక్కు. స్టాఫ్‌రూంలో తినగానే టీ. రాత్రి అందరూ తిన్నాక... అక్కడ ఆగిపోయాను. రాత్రి ఏం తిన్నానో గుర్తు రాలేదు. గుడ్లు తెచ్చాను, ఉడకబెట్టాను, పొట్టు తీశాను. తిన్నానా?

"ఆమెకు టైం దొరకదు, మీకు వంతు రాదు" అంది డాక్టరమ్మ. "ఒక్కటే జబ్బు."

తర్వాత నిదానంగా చెప్పింది. ఇంత తగ్గాక తిండి ఒక్కటే చాలదు, ఐరన్ మాత్రలు వేసుకోవాలి. నులిపురుగుల మాత్ర ఒకటి. నాకు నెలసరి ఎక్కువవుతోందని చెప్పాను కనుక మహబూబ్‌నగర్‌లో ఆడవాళ్ల డాక్టరుకు చూపించుకోవాలి. అన్నంతోనూ, తిన్న గంటలోపూ టీ తాగొద్దు. ఆకుకూర, పప్పు తినేటప్పుడు నిమ్మకాయ పిండుకోవాలి, లేదా జామకాయ తినాలి. ఆకుకూరలోని ఇనుము వాటిలోని విటమిన్ సి తోడుంటేనే ఒంటికి బాగా పడుతుంది. ఇదంతా నేను పిల్లలకు చెప్పేదే. ఎవరో నాకు చెబుతుంటే కొత్తగా వింటున్నట్టు విన్నాను.

క్లినిక్ మెట్లు దిగుతుంటే మంజుల నా చెయ్యి పట్టుకుంది. ఈసారి ఎవరు ఎవరిని పట్టుకున్నామో చెప్పలేను.

"అక్కా, ఒక మాటంట, కోపం చేయకు. ఇంటికొస్తే మంచిగ తింటనని కదా నన్ను రమ్మంటున్నవు. నువ్వు ఇంట్లనే ఉంటవు. పప్పున్నది, పాలున్నయి, గుడ్లున్నయి. మరి నీకు ఎనిమిదన్న ఎందుకు లేదు?"

నారాయణగూడ రోడ్డు మీద బస్సులు పోతూనే ఉన్నాయి. అమ్మకు ఫోన్ చేసి, "తోలుకొని వస్తలేను. ఇక్కడనే బాగ చేస్త" అన్నాను. అమ్మ ఏదో అంటుండగా ఫోన్ మంజుల లాక్కుని, "అమ్మా, అక్కకు నాకంటే తక్కువున్నది రక్తం. ముందు అక్క సంగతి చూడు" అంది.

ఆ మధ్యాహ్నం ఇద్దరం ఆ పేటలన్నీ తిరిగాం. ఈసారి గళ్లు గీయలేదు. స్టవ్ లేకుండా, లైను వదలకుండా ఏది తినవచ్చో అదే వెతికాం. చిక్కడపల్లి మార్కెట్లో పుట్నాలు, పల్లీలు, బెల్లం కొని చిన్న డబ్బాలో పోశాం. లైనులో నిలబడి తినేందుకు అది. లైబ్రరీ సందు చివర ఉడకబెట్టిన గుడ్లమ్మే బండి ఉంది. పదింటికి ఐదు నిమిషాలు కిందికి దిగితే సరిపోతుంది. జామకాయలు, అరటిపళ్లు గేటు దగ్గరే. మెస్‌లో మధ్యాహ్నం అన్నం ఎటూ దొరుకుతుంది. కావలసింది చిక్కటి పప్పు, ఆకుకూర.

అది ఐదింటికి దొరికింది. చిక్కడపల్లి సందులో గోడ వారన ఒక పెద్దమ్మ కట్టెల పొయ్యి పెట్టి జొన్నరొట్టెలు చేస్తోంది. పేరు ఆశమ్మ. నారాయణపేట దగ్గరి ఊరట. కొడుకు, కోడలు మేస్త్రీ పని, ఈమెది రొట్టెల పని. రొట్టెతో పుంటికూర పప్పు ఇస్తుంది. ఆంధ్రలో గోంగూర అంటారు దాన్ని.

"రోజు ఐదింటికి ఈ పిల్ల వస్తది, రెండు రొట్టెలు, పప్పు పెట్టు పెద్దమ్మా" అన్నాను.

ఆశమ్మ మంజులను పైనుంచి కిందికి చూసింది. "చదువుకునే పిల్లనా? ఈ గల్లీ నిండ గిట్లాటోళ్లే. చాయ్ తాగి తాగి కడుపు మాడ్చుకుంటరు. రా బిడ్డా, నువ్వు రాకుంటె మనిషిని పంపి పిలిపిస్త." తర్వాత నావైపు చూసి, "నువ్వు నిలబడ్డవేంది? కూసో. నీకు పెట్టొద్దా?" అంది.

కూర్చున్నాను. గోడవారన ఇటుక మీద. పెనం మీద నుంచి దిగిన రొట్టె దిగినట్టే నా చేతికిచ్చింది. నేను అలవాటుగా చెల్లెలివైపు చాచాను. "ఆమెది కాలుతున్నది. నువ్వు తిను" అని కసిరింది ఆశమ్మ. రెండు రొట్టెలు తిన్నాను. మూడోది అడిగి తిన్నాను. కళ్లలో నీళ్లు తిరిగితే పొగ అన్నాను.

ఈ కథనం రాస్తున్నప్పటికి మేమిద్దరం మళ్లీ రక్తం చూపించుకున్నాం. చెల్లెలికి పదకొండు దాటింది, నాకు పదికి వచ్చింది. మంజుల పరీక్ష రాసింది, ఫలితం ఇంకా రాలేదు. మధ్యలో రెండుసార్లు మాత్రలు మానేసిందని, ఒక వారం మళ్లీ బజ్జీల మీద పడిందని రూమ్మేట్ చెప్పింది. నేనూ ఒకటి రెండుసార్లు గిన్నె అడుగు గీకాను. ఏ ప్రణాళికైనా అంతే, తప్పుతూ ఉంటే మళ్లీ పట్టుకోవాలి.

మళ్లీ ఆ ప్రయాణం సంగతికొస్తే, ఆదివారం మధ్యాహ్నం మూడింటికి లైబ్రరీ దగ్గర మంజులను వదిలాను. "సీటు పోతది అక్కా" అని పది నిమిషాలకే లోపలికి వెళ్లిపోయింది. నాలుగు దాటాక కాచిగూడలో రైలెక్కాను. ఫలక్‌నుమా దాటాక ఆయనకు ఫోన్ చేశాను. "ఏడున్నరకు ఇంట్లో ఉంటా. అన్నం, పాలకూర పప్పు చేసి పెట్టండి. నలుగురం ఒకేసారి కూర్చుందాం" అన్నాను. పప్పులో నీళ్లెన్ని పొయ్యాలని అడిగాడు. చెప్పాను. పాలకూర ముందు వెయ్యాలా, తర్వాతా అని అడిగాడు. అదీ చెప్పాను. పెళ్లయిన పదిహేనేళ్లలో మేం వంట గురించి అంతసేపు మాట్లాడుకోవడం అదే మొదలు.

ఆరోగ్యంగా తినడం గురించి ఇంత చదివి, ఇంత చెప్పి, నేను తెలుసుకోనిది ఒకటుంది. కంచంలో ఏముండాలో పుస్తకం చెబుతుంది. ఆ కంచం ముందు కూర్చోవడానికి ఎవరికి వీలుందో మాత్రం మనమే చూసుకోవాలి.

షాద్‌నగర్ దాటి బాలానగర్‌లో రైలు ఆగింది. ప్లాట్‌ఫారం మీద ఆడవాళ్లు సీతాఫలాల గంపలతో కిటికీల వెంట పరుగెడుతున్నారు. ఒకామె నా కిటికీ దగ్గర గంప దించింది.

"ఇంటికా, ఇప్పుడు తినేటందుకా అక్కా? ఇంటికైతే గట్టియి ఇస్త, తినేటందుకైతే పండినయి."

ఎన్నో ఏళ్లుగా ఆ స్టేషన్లో ఆ ప్రశ్నకు నా జవాబు ఒకటే, ఇంటికని. ఆ రోజు కొంచెం తడబడ్డాను.

"నాలుగు గట్టియి ఇయ్యి. రెండు పండినయి ఇయ్యి, ఇప్పుడు తింట."

రైలు కదిలింది. పండు విప్పాను. పక్కనున్న పెద్దాయన గింజలు ఉమ్మడానికి నాకొక పాత పేపరు చింపి ఇచ్చాడు. జడ్చర్ల వచ్చేదాకా నిదానంగా రెండూ తిన్నాను.