గుమ్మం లోపలి బూట్లు

ఫుర్కాన్ భాయ్ ఎవరింటికి పనికి వెళ్లినా గుమ్మం బయట ఒక జత బూట్లు విప్పి, పూల గుడ్డసంచిలోంచి ఇంకో జత తీసి తొడుక్కుంటాడు. ఆ తర్వాతే లోపల అడుగు పెడతాడు. పొగగొట్టాలు తోమడం ఆయన వృత్తి. మెల్బోర్న్ పక్కనున్న డాండెనాంగ్ కొండల మీద చలి మొదలవబోతుందంటే కట్టెల పొయ్యి ఉన్నవాళ్లందరికీ ఆయన గుర్తొస్తాడు. మేమూ అంతే. ఆ రెండో జత సంగతి అడిగితే, "అది శానా పెద్ద కతప్పా, ముందు టీ పెట్టు," అంటాడు. నీళ్లు మరిగేలోపే మొదలుపెట్టేస్తాడు.

ఆయనది నంద్యాల. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తారీఖులు మరిచిపోతాయని లోకం హడలిపోతున్న రోజుల్లో, కోబాల్ అనే పాత కంప్యూటర్ భాష నేర్చుకుని మెల్బోర్న్‌లో ఒక ఇన్సూరెన్స్ ఆఫీసుకు వచ్చాడు.

"డిసెంబర్ ఆఖరు రోజు అందరం పిజ్జాలు తెప్పించుకొని స్క్రీన్ల దిక్కే చూస్తా కూచున్యాం. ఏమీ కాలేదు. మేం చప్పట్లు కొట్టినాం. మేనేజర్ మాత్రం, ఏమీ కానిదానికి ఇంతమంది ఎందుకా అని ఆలోచన చేస్తాండాడు!"

ఏడాది తిరిగేసరికి ఆ ఆఫీసులో వాళ్లెవరికీ కుర్చీలు మిగల్లేదు. పక్క సీటు యోగానంద్ జావా నేర్చుకుని సిడ్నీ వెళ్లిపోయాడు. ఫుర్కాన్ కూడా పుస్తకం తెచ్చుకున్నాడు గానీ, ఆ చలికాలం వాళ్ల అద్దె ఇంటి పొగగొట్టంలో పోసమ్ అనే పిల్లంత చెట్టుజంతువు గూడు పెట్టింది. ఇల్లంతా పొగ. తీయడానికి పొగగొట్టాలు తోమే డెస్ అనే ముసలాయన వచ్చాడు. మోకాళ్లు అరిగిపోయి పైకప్పు ఎక్కలేక నిచ్చెన మధ్యలోనే ఆగిపోతే, ఫుర్కాన్ ఎక్కాడు.

"ఆ మసి వాసన తగిలేసరికి మా నానీ, అదే మా అమ్మమ్మ, వంటిల్లు కండ్ల ముందరికొచ్చిందప్పా. ఎన్నాళ్లో ఏసీ గాలి పీల్చినోన్ని గదా! దిగొచ్చి, ఈ పని నాకు నేర్పిస్తావా అని అడిగేసినా."

భార్య నఫీసా వెంటనే ఒప్పుకోలేదు. ఇంట్లో వాళ్లు మాట్లాడుకునేది ఉర్దూ. ఆమెకు కోపమొస్తే మాత్రం తెలుగే. "ఇంజనీరని చేసుకుంటి. ఇప్పుడు మసి తోముతానంటాండావ్," అంది. చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. వచ్చే చలికాలంలోపు సర్టిఫికెట్ వస్తే పొయ్యిలమ్మే ఒక దుకాణం వాళ్లు సీజనంతా పని ఇస్తామన్నారు. రాకపోతే సామాన్లు కట్టేసి నంద్యాలకు వెళ్లిపోవడమే.

డెస్ ఇంటి వెనక షెడ్‌లో సిమెంటు నేల మీద ఇటుకలతో కట్టిన ఒక ఉత్తుత్తి పొయ్యి ఉండేది. చదువంతా అక్కడే. బ్రష్‌కు కమ్మీ బిగించి, దానికి ఇంకో కమ్మీ బిగించి పైకి తోస్తూ పోవాలి. ఎప్పుడూ కుడివైపుకే తిప్పాలి. ఎడమకు తిప్పితే మర ఊడి బ్రష్ పైనే ఉండిపోతుంది. మొదట్లోనే ఫుర్కాన్ ఆ పని చేసిపెట్టాడు. డెస్ కుర్చీ లాక్కుని కూర్చుని, "తొందరేం లేదు మేట్. అది దిగి రావాలనుకుంటే అదే వస్తుంది," అన్నాడు.

సర్టిఫికెట్ పరీక్ష ఎమరాల్డ్ అనే ఊళ్లో ఒక పెద్దావిడ ఇంట్లో పెట్టారు. నిజమైన ఇంట్లో పని చేయడం అదే మొదలు. గుమ్మంలోంచి చూస్తే మీగడ రంగు కార్పెట్. ఫుర్కాన్ దుప్పట్లు పరిచాడు, పొయ్యి నోటికి గుడ్డ కట్టాడు, తోమాడు, పొగబిళ్ల వెలిగించి పొగ నేరుగా పైకి పోతోందని చూపించాడు. కార్పెట్ మీద ఒక్క మసి రేణువు పడలేదు. పరీక్ష చేయడానికి వచ్చినావిడ మాత్రం పొయ్యి వైపు చూడటం లేదు. ఆయన మేజోళ్లకేసి చూస్తోంది.

"మీ బూట్లేవి?"

"గుమ్మం దగ్గర, మేడమ్."

"ఇనుప కమ్మీ కాలి మీద పడితే? సేఫ్టీ బూట్లు లేకుండా పని చేస్తే పాస్ చేయడం కుదరదు."

బయట వ్యాన్‌లో కూర్చున్న డెస్ సంగతి విని స్టీరింగ్ మీద తల వాల్చేశాడు. "బూట్లు విప్పుతావని నాకెలా తెలుస్తుంది మేట్? ఎవరూ విప్పరు!"

"ఇంకొకరి ఇంట్లోకి బూట్లతో ఎట్లా పోయేది, డెస్?"

ఇంకొక్క అవకాశం ఉంది. అది తప్పితే ఆ చలికాలం దాటిపోతుంది. ఫుర్కాన్ అలవాటు చేసుకుందామని సొంత ఇంట్లోనే బూట్లతో నడవడం మొదలుపెట్టాడు. నఫీసా చీపురు పట్టుకుని వచ్చింది.

"యాడ నడుస్తాండావ్? నమాజ్‌కు జానమాజ్ పరిచే చోట!"

"పాస్ కావల్లంటే నడవాల్సిందే. ఏం చేయమంటావ్?"

"బాత్రూం చెప్పులేసుకొని వంటింట్లోకి వస్తావా? రావు గదా. దేనికి దానికి వేరే. ఇంత చదువుకుంటివి, ఇంకో జత కొనుక్కోవాలని తోచలా?"

ఇక్కడికి వచ్చేసరికి ఆయన ధ్యాసంతా కథ మీదే. టీ చల్లారినా పట్టించుకోడు. ఆ సాయంత్రమే ఆమె తన పాత పూల దుప్పటి కత్తిరించి సంచి కుట్టిందట.

రెండోసారి అదే ఇల్లు, అదే పరీక్షకురాలు. మట్టి బూట్లు విప్పి, నేల తాకని కొత్త జత సంచిలోంచి తీసి, గుమ్మంలో కూర్చుని తాళ్లు కట్టుకుంటుంటే ఆవిడ అక్కడే నిలబడి చూసింది. పని పూర్తయ్యాక పాసైనట్టు చెప్పి, చేయి కలిపి అంది. "రూల్‌లో బూట్లుండాలనే ఉంది. ఎన్ని జతలని లేదు." ఇంటి పెద్దావిడ అప్పటికే, వచ్చే ఏడు కూడా ఈయన్నే పంపమని డెస్‌కు చెబుతోంది.

ఆ ఆదివారం నఫీసా బిర్యానీ వండి డెస్‌ను పిలిచింది. ఆయన ఇస్త్రీ చొక్కాతో వచ్చి, తలుపు దగ్గర ఆగి, నొప్పి మోకాళ్లతో మూలుగుతూ వంగి తన బూట్ల తాళ్లు విప్పుకున్నాడు. ఒక మేజోడుకు చిల్లు. బొటనవేలు బయటికొచ్చి చూస్తోంది.

"నన్నిక్కడ ఫెయిల్ చేయొద్దు మేట్," అన్నాడు.

డెస్ ఇప్పుడు లేడు. ఫుర్కాన్ భాయ్ ఇంకా ఆయన కమ్మీలతోనే తోముతాడు. డెస్ అన్న ఆ మాట దగ్గరికొచ్చేసరికి నవ్వుతూ కళ్లు తుడుచుకుని, చేతికి మసి ఉన్న సంగతి మరిచిపోయి, చెంప మీద నల్లటి చార ఒకటి దిద్దుకుంటాడు.