మోగే కర్ర కోసం

సూరత్ మగ్గాలు మా బాపుకు అన్నం పెట్టాయి, చెవులు పట్టుకుపోయాయి. దానికి ఆయన ఎన్నడూ బాధపడలేదు. మేముండే డిండోలి పేటలో మా తెలుగువాళ్లు ఆడే చిరుతల రామాయణంలో, తన చేతిలోని చిరుతలు తనకే వినబడక తాళం తప్పిన రోజు మాత్రం గడప మీద కూర్చొని ఏడ్చాడు. చిరుతలంటే అరచేతిలో ఇమిడే చెక్కల జత. వాటి తాళాన్ని బట్టే అడుగు పడుతుంది.

"మంచి కట్టె దొరికితె ఇనవడ్తది. లేకుంటె ఇగ నా ఆట బంద్" అన్నాడు.

ఆదివారం వస్తే చాలు, నన్ను వెంటబెట్టుకొని పాత ఇళ్ల కలప అమ్మే దుకాణాలన్నీ తిరిగేవాడు. చెక్కను పళ్ల మధ్య కరిచిపట్టి వేలి కణుపుతో కొట్టేవాడు. మోత దవడ గుండా తలలోకి పోతుందట. టేకుకు పెదవి విరిచాడు. శీషం కట్టె కాస్త నయమన్నాడు. చెదపురుగులు తెలుసుగాని చెదమనిషిని ఇప్పుడే చూస్తున్నానని ఒక సేఠ్ నవ్వాడు. వినబడక బాపూ నవ్వాడు. సిగ్గుతో చచ్చింది నేను.

ఆయనకు కావలసింది సండ్ర కట్టె. అది మా ఊరి గుట్టల్లోనే అరుదైపోయింది, సూరత్‌లో ఎక్కడ దొరుకుతుంది?

అంతలో గల్లీలో పెళ్లి వచ్చింది. పసుపు దంచడానికి మా అమ్మ రోకలి పట్టుకెళ్లారు. ఊరి నుంచి రైల్లో మోసుకొచ్చిన ఆ రోకలే మావాళ్ల పెళ్లిళ్లన్నిటికీ దిక్కు. తిరిగి తెచ్చి గోడకు ఆనిస్తే జారి బండల మీద పడింది. బాపు చటుక్కున తల తిప్పాడు. రోకలికీ పళ్లు ఆనించాడు. సండ్రే! చంకలో పిల్లను పెట్టుకొని ఊరంతా వెతికాం.

కోస్తానన్నాడు. అమ్మ రోకలి లాక్కొని మాటలు మానేసింది. బాపుకు తేడా తెలియలేదనుకోండి, అది వేరే సంగతి. చివరికి తనే రంపం తెచ్చింది. పైనుంచి జానెడు కొలిచి, "గింతే. పెండ్లికి పొట్టిదైనా నడుస్తది" అంది.

ఆ ముక్కను చీల్చి, చెక్కి, నునుపు చేసిన సాయంత్రం బాపు వాకిట్లో నిలబడి ఒక్క తాళం వేసి ఆగిపోయాడు. మళ్లీ వేశాడు. "ఇనవడ్డది" అన్నాడు మెల్లగా. అమ్మ నావైపు తిరిగి, "ఇన్నేండ్ల సంది నేను పిలిస్తె పలుకలె. నా రోకలి పిలిస్తె పలికిండు" అంది.

ఇప్పుడు అన్నం వేళకు అమ్మ గొంతు చించుకోదు. చిరుతలు కొడుతుంది. బాపు వస్తాడు.