మీరు మావాళ్ళా?

పోయిన నెల ఆత్మకూరులో మా సంఘం సహాయ కమిటీ కూర్చుంది. కమిటీలో ఆడమనిషిని నేనొక్కదాన్నే. చెన్నపట్నం వెళ్ళి ఎఫ్.ఏ. చదివి వచ్చాను కాబట్టి కుర్చీ వేశారు, నోరు మూసుకుని కూర్చుంటానన్న ఆశతో వేశారు. కూర్చోవడం వరకు చేశాను. కొత్త కార్యదర్శిగారు నెల్లూరులో అచ్చు వేయించిన కాగితాల కట్ట బల్ల మీద పెట్టారు. బియ్యం కావాలన్నా, కంబళి కావాలన్నా, మందు కావాలన్నా ఇకమీదట ఆ కాగితం నింపాలట. మొదటి గడిలో పేరు, రెండో గడిలో ఊరు, మూడో గడిలో సంఘ సభ్యులా కాదా. సభ్యులకు ముందు, మిగిలితే బయటివాళ్ళకు. ఆకలి ఏ సంఘంలో సభ్యురాలో కూడా రాయించండి అన్నాను. ఆయన ఎంతో మర్యాదగా, "అమ్మగారూ, మనవాళ్ళను మనం చూసుకోకుంటే ఇంకెవురు చూస్తారు?" అన్నారు. న్యాయమైన మాటే. న్యాయమైన మాటలంటేనే నాకు ఒళ్ళు మండుతుంది, ఎందుకంటే ఆ మూడో గడి నాకు కొత్త కాదు. నా ఏడో ఏట, ధాత కరువులో, ఉదయగిరిలో, గంజి కుండ ముందు అదే ప్రశ్న అడిగేవాళ్ళు. తేడా ఒక్కటే. అప్పుడు "మీవాళ్ళమే" అన్నవాళ్ళకు గంజి లేదు.

మా నాయన అక్కడ క్రైస్తవ బోధకుడు. మా అమ్మ నన్ను కని పోయింది. పెంచింది మా అవ్వ, నాయనను కన్నతల్లి. ఉదయగిరి కొండ కింద, ఊరికి ఎడంగా, చెప్పులు కుట్టేవాళ్ళ పల్లె మాది. ఇరవై ఇళ్ళు, మధ్యలో బోదగడ్డి కప్పిన ప్రార్థన మందిరం. పల్లెలో అందరికన్నా ముందు అక్షరం పట్టుకున్నవాడు నాయనే. మెత్తగా మాట్లాడేవాడు, మాట మార్చేవాడు కాదు. అవ్వ గట్టిగా మాట్లాడేది, పూటకోసారి మార్చేది. ఇద్దరిలో ఎవరితో బతకడం సులువో చిన్నప్పుడే నాకు తెలిసిపోయింది.

ఆ పల్లెలో ఒక ఆచారం ఉండేది. ఎసరు పెట్టిన ప్రతిసారీ, జొన్నలో సజ్జలో వరిగలో, వండబోయే గింజల్లోంచి ఒక పిడికెడు తీసి గుమ్మం పక్కనున్న ముంతలో వెయ్యాలి. ఆదివారం ఆ ముంతలన్నీ మందిరంలో ఒక పెద్ద కుండలోకి చేరేవి. కుండ మీద పెత్తనం అవ్వది. ఏ ఇంటి పిడికిలి ఎంతదో ఆమెకు తెలుసు. ముంత తేలిగ్గా ఉంటే, "ఏమ్మే, ఈ వారం నీ చెయ్యి చిక్కిపోయినట్టుండాదే" అని అందరి ముందూ అనేది, ఆ ఇల్లాలు మళ్ళీ ఇంటికి పరిగెత్తేది. ఆ గింజలు కోట గోడ దగ్గర కూర్చునే గుడ్డి ఫకీరుకు, కాళ్ళు పుండ్లుపడిన ఒక ముసలమ్మకు, దిక్కులేని ఆడవాళ్ళకు పోయేవి. వాళ్ళ కులం, వాళ్ళ దేవుడు ఎవరూ అడిగేవాళ్ళు కాదు. అంతకుముందు మా పల్లెవాళ్ళ దగ్గరికి వచ్చి చెయ్యి చాచినవాడు లేడు. పుట్టింది మొదలు చాచడమే ఎరిగిన చేతులవి, కల్లాల దగ్గర చేరెడు గింజల కోసం, దొడ్లలో చచ్చిన గొడ్డు కోసం. ఇవ్వడం మొదలయ్యాక వాళ్ళ నడకే మారిందని అవ్వ చెప్పేది. ఇది గుర్తుపెట్టుకోవాలి. లేకపోతే తర్వాత జరిగింది వట్టి మూర్ఖత్వంలా కనిపిస్తుంది. మూర్ఖత్వమే. వట్టిది మాత్రం కాదు.

వరసగా వానలు పోయాయి. చెరువు అడుగు పెంకుల్లా పగిలి, ఆ పెంకుల అంచులు పైకి లేచాయి. మొదటి రెండు నెలలూ మా పల్లెకు తోళ్ళే తోళ్ళు, ఊరందరి గొడ్లూ చస్తున్నాయి కదా, కొనేవాడు మాత్రం లేడు. తర్వాత గొడ్లూ అయిపోయాయి. జనం నాగజెముడు పళ్ళు తిన్నారు, చింతగింజలు వేయించి ఉడకబెట్టుకుని తిన్నారు, కలబంద గడ్డలు నీళ్ళు మార్చి మార్చి వండుకుని తిన్నారు, చీమల పుట్టలు తవ్వి చీమలు దాచుకున్న గింజలు ఏరుకున్నారు. సీతారామపురం వైపు నుంచీ, మర్రిపాడు వైపు నుంచీ దారి పొడుగునా మనుషులు వచ్చేవాళ్ళు. అందరూ చేరేవాళ్ళు కాదు. మిషను దొరలు రెండు బండ్ల జొన్నలు పంపితే, మా పిడికెళ్ళ గింజలతో కలిపి మందిరం పక్కనే పాక వేసి గంజి కాచడం మొదలుపెట్టారు. ఆకలికి కులం లేదంటారు. ఉంది, నేను చూశాను, రెండు నెలల దాకా ఉంటుంది. మొదట్లో ఊళ్ళోవాళ్ళ కోసం వాళ్ళలో ఒకామెనే పెట్టి, వేరే పొయ్యి వెలిగించాడు నాయన. తర్వాత కట్టెలూ చాలలేదు, పట్టింపూ చాలలేదు. రెండు కుండలూ ఒకే మంట మీదికి వచ్చాయి.

అప్పుడే బజారులో ఒక మాట పుట్టింది. ఉప్పూ చింతపండూ అమ్మే ఒక అంగడాయన నాయన కనిపించినప్పుడల్లా, "ఏమయ్యా బోధకుడా, ఈ పొద్దు గంజి పోసి ఎంతమందిని ముంచినావు?" అనేవాడు. మా సంఘంలో చేరేవాళ్ళను చెరువులో నిలువునా ముంచి బాప్తిస్మం ఇస్తారు, అందుకని ఆ ఎత్తిపొడుపు. బజారంతా నవ్వేది. కొట్టినా ఊరుకునేవాడు నాయన, ఈ నవ్వుకు మాత్రం ఓర్చుకోలేకపోయాడు. ఒక ఆదివారం ఇరవై ఇళ్ళనూ కూర్చోబెట్టి రెండు తీర్మానాలు పెట్టాడు. వానలు పడేదాకా ఎవరికీ బాప్తిస్మం లేదు. గంజిపాక దగ్గర మనవాళ్ళెవరూ దొప్ప పట్టకూడదు. ఒంట్లో సత్తువ ఉన్నవాళ్ళు సముద్రం వైపు కాలవ తవ్వే పనికి పోవాలి, మిగతావాళ్ళు ఇంట్లో ఉన్నది తిని ఓర్చుకోవాలి. మనం గంజికి అమ్ముడుపోయినవాళ్ళం కాదని లోకం చూడాలి. ఇరవై ఇళ్ళవాళ్ళూ చేతులెత్తారు. బలవంతం మీద కాదు, రొమ్ము విరుచుకుని ఎత్తారు. అవ్వ ఒక్కతే ఎత్తలేదు. "ఏంరా, వానలు పడేదాకా ముంచనంటివి. చెరువులో నీళ్ళే లేవు గదా, ముంచేది యాడ? దానిక్కూడా తీర్మానం కావాల్నా?" అంది. ముంతల్లో పిడికెడు వేయడం మాత్రం మానలేదు ఎవరూ. రెండు రోజులకొకసారి పొయ్యి వెలిగే ఇళ్ళు కూడా, వెలిగినప్పుడు వేశాయి. ఆ గింజలు గంజై వాకిట్లోనే ఉడుకుతుంటే, వేసినవాళ్ళు వాసన పీల్చుకుంటూ లోపల కూర్చునేవాళ్ళు.

మా అత్త వచ్చింది ఆ రోజుల్లోనే. నాయనకు ఒక్కతే చెల్లెలు, సీతారామపురం దగ్గర ఇచ్చారు. మామ అంతకుముందు నెలలో కలరా తగిలి పోయాడు. చంటిపిల్లను చంకనేసుకుని నడిచి వచ్చింది. పాదాలు చూసి గుర్తుపట్టానని అవ్వ అనేది, ముఖం గుర్తుపట్టేలా లేదట. అత్త రెండేళ్ళుగా మా ప్రార్థనలు నేర్చుకుంది, మామ ఒప్పుకోక సంఘంలో చేరలేదు. వచ్చిన మర్నాడే తనకు బాప్తిస్మం ఇమ్మని అన్నను అడిగింది. వానలు పడనీ అన్నాడు నాయన. అవ్వలో అంత సంతోషం నేనెప్పుడూ చూడలేదు. కూతురు బయటి మనిషి అంటే గంజికి హక్కున్న మనిషి. తనే తీసుకెళ్ళి వరసలో కూర్చోబెట్టింది. గరిటె పట్టే సంఘ పెద్ద ఒకాయన కొత్తగా వచ్చిన ప్రతివాళ్ళనూ అలవాటుగా, "మీరు మావాళ్ళా?" అని అడిగేవాడు. అత్తను అడిగితే అవ్వే జవాబు చెప్పింది. "నా కూతురు. సంఘం కూతురు కాదు. గంజి పోయ్."

అలా మూడు వారాలు గడిచాయి. చంటిదానికి పాలు పడ్డాయి. నేను బోధకుడి కూతుర్ని, అంటే దొప్ప పట్టరానిదాన్ని. అత్త తన దొప్పలో సగం తాగి, పాక వెనక్కి వచ్చి మిగతాది నాకిచ్చేది. తాగి ఆకు కూడా నాకేదాన్ని. ఒకరోజు అలా నాకుతుండగా అంగడాయన అటు వచ్చాడు. ఎంతో ముద్దుగా, ఎవరిచ్చారమ్మా అని అడిగాడు. నన్నెవరైనా ఏదైనా అడిగితే సగం చెప్పి ఆపడం నాకు అప్పుడూ రాదు, ఇప్పుడూ రాదు. మా అత్త ఇచ్చింది, మా నాయనకు చెల్లెలు, అదుగో ఆ పచ్చ కోక కట్టుకున్నామె అని వేలెత్తి చూపించాను.

మర్నాడు పొద్దున గంజి పోసే వేళకు ఆయన మరో నలుగురిని వెంటబెట్టుకుని వచ్చి పాక ముందు నిలబడ్డాడు. నాయన కూడా అక్కడే ఉన్నాడు. గరిటె అత్త దాకా వచ్చినప్పుడు అంగడాయన గొంతు పెంచకుండానే, "ఆమె బోధకుని చెల్లెలంట గదయ్యా. మీవాళ్ళు తాగరంటిరే" అన్నాడు. వరసంతా అటు తిరిగింది. గరిటె పట్టిన పెద్దాయన మంచివాడు, దారి చూపించాలనే అడిగాడు. "అమ్మా, నువ్వు మా సంఘం మనిషివి కాదు గదా?" ఒక్క 'కాదు' చాలు. అది అబద్ధం కూడా కాదు, మా పద్ధతి ప్రకారం నిజమే. అత్త నాయన వైపు చూసింది. నాయన నేల వైపు చూశాడు.

"ముంచకపోతే మాత్రం నేను ప్రభువు బిడ్డను కాకుండా పోతానా అన్నా?" అంది అత్త. దొప్పను పక్కనున్న ముసలమ్మ ముందుకు జరిపి, పిల్లను ఎత్తుకుని లేచింది.

నాయన నోరు తెరిస్తే సరిపోయేది. కూర్చో అమ్మా అని రెండు మాటలు. తెరవలేదు. ఆ రోజు ఇంట్లో అవ్వ నెత్తీ నోరూ బాదుకుంది. రేపు పోయి కాదని చెప్పవే, దేవుడు చూసుకుంటాడు అంది. ఒకసారి అవునన్నాక ఎట్లా కాదంటానమ్మా అంది అత్త. నాయన తన పాలు జొన్నసంకటి అంతా ఆమె ముందు పెట్టేవాడు, ఆమె దాన్ని నాకూ అవ్వకూ జరిపేది. మిగతా ఆడవాళ్ళతో కలిసి కొండ మీదికి గడ్డలకు పోయేది. ఏ గడ్డ సరిగ్గా ఉడకలేదో, కడుపు పట్టుకుంది, విరేచనాలు కట్టలేదు. నెల తిరగకముందే, ఒక మధ్యాహ్నం, పిల్ల రొమ్ము నోట పెట్టుకుని ఉండగానే పోయింది. పిల్ల ఏడిస్తే గానీ మాకు తెలియలేదు.

పూడ్చి వచ్చిన మర్నాడు అవ్వ గంజిపాకకు వెళ్ళి పెద్దాయన చేతిలోంచి గరిటె తీసుకుంది. ఆయన ఇచ్చేశాడు. పల్లెలో ప్రతి గుమ్మం ముందూ నిలబడి రండి అని కేకేసింది. ఒక్కరూ కదల్లేదు. ఎత్తిన చేతులు దించడం అంత సులువు కాదు. అప్పుడు నాయన మందిరంలోంచి వచ్చాడు. వాకిట్లో పడి ఉన్న మోదుగాకు దొప్ప ఒకటి ఏరుకుని, దులుపుకుని, వెళ్ళి వరసలో మర్రిపాడు మనుషుల మధ్య కూర్చున్నాడు. రెండు చేతులా దొప్ప చాచాడు. అవ్వ కొడుకు ముఖం చూడలేదు. పోసింది. తర్వాత ఒకరి వెనక ఒకరు ఇరవై ఇళ్ళవాళ్ళూ వచ్చారు. అంగడాయన ఆ రోజు కూడా వచ్చి ఏదో అనబోయాడు. అవ్వ గరిటె ఎత్తి, "నీకూ పోయాల్నా? దొప్ప తెచ్చుకో" అంది. ఆ తర్వాత ఆ పాక దగ్గర ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు.

వానలు వచ్చాయి. చెరువు నిండాక నాయన పొద్దున్నే నీళ్ళలోకి దిగి, చలికి వణుకుతూ సాయంత్రం దాకా బాప్తిస్మాలు ఇచ్చాడు. గంజి తాగినవాళ్ళు కొందరు వచ్చారు, చాలామంది రాలేదు. రానివాళ్ళ గురించి ఆయన ఎప్పుడూ చెడుగా మాట్లాడలేదు. అత్త కూతుర్ని అవ్వ మేకపాలు పోసి బతికించింది. అది ఇప్పుడు అనంతసాగరంలో నలుగురు పిల్లల తల్లి, నాకన్నా లావు.

చెన్నపట్నం నుంచి చదువూ తర్కమూ నేర్చుకుని వచ్చాక నేను నాయనను వదల్లేదు. ఆ రోజు నీ నోరు ఏమైంది అని ఎన్నిసార్లు అడిగానో. అన్నం ముందు అడిగాను, ప్రసంగం అయ్యాక అడిగాను, జ్వరంలో ఉన్నప్పుడు కూడా అడిగాను. ఒక్కసారే జవాబు చెప్పాడు. "పుట్టినప్పటినుంచీ మనల్ని చూసి నవ్వినారమ్మా. ఆ ఒక్క పొద్దు నవ్వకుండా ఉంటే చాలనుకున్నాను. దాని ఖరీదు మీ అత్త అని తెలియకపాయె." తర్వాత, తనలో తను అనుకుంటున్నట్టు, చెల్లెలి సంగతి ఆ అంగడాయనకు ఎవరు చెప్పారో ఇప్పటికీ తెలియదు అన్నాడు.

నాకు తెలుసు. ఎవరికైనా ఎదురు మాట చెప్పగల నోరు నాది, ఆ పూట నేనూ నేల వైపు చూశాను. రేపు చెబుతాననుకున్నాను, జ్వరం తగ్గాక చెబుతాననుకున్నాను, వేసవి సెలవుల్లో చెబుతాననుకున్నాను. నాయన పోయి పదకొండేళ్ళు. కాలం గాయాలు మాన్పుతుందని మా కమిటీలో కూడా అంటుంటారు. నేను చూసినంతలో అది చేసే పని వేరు: వినాల్సినవాళ్ళను ఒక్కొక్కరినీ తీసుకుపోతుంది, చెప్పాల్సిన మాటను మాత్రం మన దగ్గరే ఉంచిపోతుంది.