మాగ్నెట్ బిళ్ళకి మొలిచిన మీసాలు

మా ఇంట్లో బొమ్మలు కొనేదీ నేనే, నడుస్తూ నడుస్తూ వాటిని తొక్కి తిట్టుకునేదీ నేనే. ఆ ఒక్క పెట్టె మాత్రం మా ఆయన కొన్నాడు. కరోనాకి నాలుగైదేళ్ల ముందు మాట. అమ్మాయికి అప్పుడు నాలుగేళ్లు. ప్లేస్కూల్లో తల్లిదండ్రుల మీటింగుకి ఎన్నడూ రాని మనిషి ఆ రోజు తనే వెళ్లి, అక్కడ టీచరు చూపించిన మాగ్నెట్ బిళ్ళలు చూసి మురిసిపోయి, ఇంటికి రాగానే ఆన్‌లైన్లో ఆర్డరు పెట్టేశాడు. చదరాలు కొన్ని, ముక్కోణాలు కొన్ని, అద్దంలా వెలుగు పారే రంగురంగుల ప్లాస్టిక్ పలకలు. అంచుల్లో సన్నటి అయస్కాంతాలు దాచి ఉంటాయి. ఎటు తిప్పి పెట్టినా ఒకదానికొకటి టక్కుమని అతుక్కుంటాయి. పెట్టె మీద పిల్లల బుద్ధి వికాసం గురించి బోలెడు కబుర్లు రాసి ఉన్నాయి.

"వికాసం మాట తర్వాత. అంచు పగిలి మాగ్నెట్ బయటికొస్తే మింగేస్తుంది, ఆసుపత్రుల చుట్టూ తిరగాలి" అన్నాను. అప్పటినుంచి పిల్లకి ఇచ్చేముందు ప్రతి బిళ్ళనూ అంచులు తడిమి, చెవి దగ్గర ఊపి చూసి మరీ ఇచ్చేవాడు.

ఆయనకి మాగ్నెట్లంటే సరదా ఉండటంలో వింతేమీ లేదు. ఉద్యోగమే వాటితో. ఇనుప ఖనిజాన్ని బొగ్గుతో కలిపి కాల్చి స్పాంజ్ ఐరన్ తీసే ఫ్యాక్టరీ ఆయనది. కొలిమిలోంచి వచ్చిన సరుకులో ఇనుమూ ఉంటుంది, కాలగా మిగిలిన బొగ్గూ ఉంటుంది. చూడటానికి రెండూ నలుపే. సరుకు కదిలే బెల్టు చివర పెద్ద మాగ్నెట్ డ్రమ్ము తిరుగుతూ ఉంటుంది. ఇనుము దానికి అంటుకుని ఒకవైపు పోతుంది, బొగ్గు ఇంకోవైపు రాలిపోతుంది. ఆ పని చూసే షిఫ్టుకి ఆయన ఇన్‌ఛార్జి. చిటికెడు పొడి తీసి వేళ్ల మధ్య నలిపితే అందులో ఇనుమెంతో చెప్పగలడని తోటివాళ్లు అనేవారు. ఇంట్లో ఉప్పు ఎక్కడుందో మాత్రం చెప్పలేడు.

ఇల్లు రాయపూర్ శివారు బీర్‌గావ్‌లో, ఫ్యాక్టరీకి సైకిల్ దూరంలో. సొంత ఇల్లు. ఆయనా నేనూ ఇద్దరం రైల్వే వాళ్ల పిల్లలమే, గోడకి మేకు కొట్టాలన్నా ఎవరో ఒకరిని అడగాల్సిన క్వార్టర్సులో పెరిగినవాళ్లమే. అందుకని ఆ ఇల్లంటే ఆయనకి ప్రాణం. గృహప్రవేశం అయ్యాక వారం రోజులపాటు పనిలేకపోయినా మేకులు కొట్టాడు.

ఆ ఇంటికి ఉన్న జబ్బల్లా ఒకటే, నల్ల దుమ్ము. పొద్దున తుడిచిన గచ్చు మీద మధ్యాహ్నానికి అరికాళ్ల అచ్చులు పడేవి. డాబా మీద ఆరేసిన తెల్లబట్టలు బూడిదరంగులో కిందికి దిగేవి. మా అత్తగారు వడియాలు పెట్టి పైన పాత నేతచీర కప్పేది. సాయంత్రం ఆ చీర దులిపిన వాళ్లు స్నానం చేసి లోపలికి రావాల్సిందే. ఆ వైపు ఉండేవాళ్లకి ఇదేం కొత్త కాదు, 'కాలీ ధూళ్' అంటారు, కిటికీలు మూసుకుంటారు. నేనూ మూసుకునేదాన్నే. అమ్మాయికి దగ్గు పట్టుకోకపోతే ఇప్పటికీ మూసుకుంటూనే ఉండేదాన్ని.

దానికి ఏడాది నిండిన చలికాలంలో మొదలైంది. దగ్గు, ఆ వెనకే పిల్లికూతలు. ఎగిరెగిరి ఆడుకునే పిల్ల మెట్లెక్కి నిలబడి, పక్కటెముకలు లోపలికి పోయేలా ఊపిరి లాగుతుంటే చూడలేకపోయేదాన్ని. ఆవిరి పట్టే మిషను ఇంట్లోకి వచ్చింది. డాక్టరమ్మ ప్రతిసారీ ఒకటే మాట అనేది, పిల్లను దుమ్ముకి దూరంగా ఉంచండి అని. ఎంత దూరంగా అన్నది ఆవిడ చెప్పలేదు, మేమూ అడగలేదు.

అడగకపోయినా నాకు తెలుసు. "ఇది మీ ఫ్యాక్టరీల దుమ్మే. ఇల్లు మారదాం" అనేదాన్ని.

"అరే, రోడ్డు మట్టి అది. ట్రక్కులు ఎన్ని పోతన్నాయో చూస్తన్నావు కదా" అనేవాడు ఆయన.

"మట్టి ఇంత నల్లగా ఉంటుందా?"

"డీజిల్ పొగ కలిసింది. బస్, అంతే. ఖాళీగా ఉంటే ఇలాంటి ఆలోచనలే వస్తాయి నీకు."

మా అత్తగారు ఎప్పుడూ కొడుకు పక్షమే. "ఏటమ్మా, ఊరంతా ఆ బుగ్గిలోనే ఉన్నారు కదా, అందరి పిల్లలూ దగ్గుతన్నారేటి? ఆ ఐస్‌క్రీములు పెట్టడం మానెయ్, దగ్గు అదే పోతాది" అనేది. ఐస్‌క్రీము తినిపించేది ఆవిడే.

ఆయన అబద్ధాలు చెప్పే మనిషి కాదు, ఆ సంగతి నాకు తెలుసు. తను కట్టిన ఇల్లే కూతురి గొంతు పట్టుకుందని ఒప్పుకోవడం ఎవరికైనా కష్టమే. అయినా కోపం వచ్చేది. చీపురు పట్టుకున్న ప్రతిసారీ ఆయన్ని తిట్టుకుంటూ ఊడ్చేదాన్ని.

ఇక బిళ్ళల దగ్గరికొస్తే, నేను వేళాకోళం చేశానే గానీ, అవి మంచి బొమ్మలే. మొదట్లో అమ్మాయి వాటిని ఒకే వరసలో నేలమీద పరిచేది. నెల తిరక్కుండానే గోడలు లేపి, ముక్కోణాలు వంచి కప్పు వేయడం నేర్చుకుంది. కప్పు కూలిపోతే ఏడవకుండా, కింద చదరాలు తక్కువయ్యాయని తనే తెలుసుకుని మళ్లీ కట్టేది. ఒక చోట కుదురుగా కూచుని ఆడే ఆట కాబట్టి ఆయాసం వచ్చేది కాదు. నాకు అందుకే మరీ నచ్చింది.

కట్టడం విసుగెత్తితే ఇంకో ఆట. బిళ్ళ పట్టుకుని ఇల్లంతా తిరిగి దేనికి అంటుకుంటుందో చూడటం. అంటుకుంటే "చిపకా!" అని అరిచేది, లేకపోతే "నహీ చిపకా" అని మొహం వేలాడేసేది. కిటికీ ఊచలు అంటుకున్నాయి, అట్ల పెనం అంటుకుంది. మా అత్తగారి స్టీలు గ్లాసు అంటుకోలేదు.

"ఏటే, మా నాన్న పెళ్లికిచ్చిన గళాసు నకిలీదంటావేటి?" అని ఆవిడ మనవరాలి మీదికి లేచింది.

"కాదమ్మా, మంచి స్టీలుకి మాగ్నెట్ అంటదు" అని ఆయన నచ్చజెప్పాడు. ఆ తర్వాత ఇంటికొచ్చిన వాళ్లందరికీ ఆవిడే బిళ్ళ తెప్పించి, గ్లాసుకి ఆనించి, అంటుకోకపోవడం చూపించేది.

ఆదివారాలు ఆయన కూడా నేలమీద చతికిలబడేవాడు. ఒకసారి పళ్లెంలో తులసికోట మట్టి పోసి, అందులో గుండుసూదులు కలిపి, పైనుంచి బిళ్ళ తిప్పించాడు. సూదులు లేచి వచ్చాయి, మట్టి పళ్లెంలోనే ఉండిపోయింది. "చూశావా? మట్టి రాదు. ఎంత పిలిచినా రాదు. లోహా, ఇనుము ఒక్కటే వస్తుంది" అన్నాడు. నాన్న ఆఫీసులో పెద్ద బిళ్ళ ఉంటుందని, రోజంతా ఇదే ఆట అని చెప్పాడు. తండ్రి రోజూ ఆడుకోవడానికి వెళ్తాడని అది చాలా రోజులు నమ్మింది.

ఆ చలికాలం డాక్టరమ్మ పిల్లకి కాస్త ఎండ తగలనివ్వమంది. డాబా శుభ్రంగా ఊడ్చి, చాప వేసి కూచోబెట్టాను. బుట్టెడు బిళ్ళలతో ఇల్లు కట్టుకుంటోంది. నేను పక్కనే వెల్లుల్లి ఒలుచుకుంటున్నాను. ఎప్పుడు చాప దాటి పిట్టగోడ దాకా పోయిందో చూడలేదు.

"అమ్మా, దీనికి మూఛ్ వచ్చింది!" అంటూ పరిగెత్తుకొచ్చింది.

నీలం బిళ్ళకి నిజంగానే మీసాలు మొలిచాయి. నాలుగు అంచుల వెంబడీ నల్లటి సన్నటి వెంట్రుకలు, నిక్కబొడుచుకుని. తుడిచేద్దామని చెంగు పట్టుకున్నదాన్ని ఆగిపోయాను. వేలితో కదిపితే వెంట్రుకలు వంగి, వదలగానే మళ్లీ లేచి నిలబడ్డాయి. అయస్కాంతాలున్న చోటే ఉన్నాయి, మధ్యలో ప్లాస్టిక్ మీద లేవు. నాకు భయం వేయలేదు. ఎన్నాళ్లుగానో ఓడిపోతున్న పేకాటలో జోకరు పడినంత సంతోషం వేసింది. బిళ్ళను పళ్లెంలో పెట్టి, మూత పెట్టి, ఆయన షిఫ్టు దిగి వచ్చే వేళకోసం కాచుకుని కూచున్నాను. అనాల్సిన మాటలన్నీ వరస పెట్టుకున్నాను.

ఒక్కటీ అననివ్వలేదు పిల్ల. ఆయన చెప్పులు విప్పుతుండగానే పళ్లెం ఎత్తుకుపోయి, "నాన్నా, మట్టి చిపకదు అన్నావు కదా? మరి ఇదేటి?" అంది.

ఆయన కూచుని బిళ్ళ తీసుకున్నాడు. మీసాల్లోంచి చిటికెడు లాగి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపాడు. చాలాసేపు నలిపాడు. తర్వాత లేచి, బిళ్ళను పల్చటి పాలిథిన్ కవరులో చుట్టి డాబా మీదికి వెళ్లాడు. దిగివచ్చి దాన్ని కిటికీ చెక్క మీద రాశాడు, ఫ్యాను రెక్క మీద రాశాడు, దోమతెర మడతల్లో రాశాడు. ప్రతిచోటా కవరు మీద పడ్డ నలుపు చూసి, బిళ్ళ తీసి దులిపి, మళ్లీ చుట్టేవాడు. చివరికి మంచం దగ్గరికొచ్చి అమ్మాయి తలగడ మీద రాశాడు. తలగడ గలీబు ఆ పొద్దున్నే మార్చాను. అయినా కనుబొమ్మ వెంట్రుకలంత పల్చగా, నాలుగైదు లేచాయి.

"ఇది మాదే" అన్నాడు. "మా సరుకే."

ఆ మాట వినాలని మూడేళ్లు కొట్లాడాను. తీరా విన్నాక, తలగడ ఒళ్లో పెట్టుకుని కూచున్న మనిషిని చూస్తే జాలేసింది. గబగబా వెళ్లి టీ పెట్టాను.

మర్నాడు మా అత్తగారు బిళ్ళ అడిగి తీసుకుని, వడియాల ప్లాస్టిక్ డబ్బా అడుగున రాలిన పొడిలో తిప్పింది. తీసి చూసి, డబ్బాకి డబ్బా చెత్తలో బోర్లించింది. "ఇన్నాళ్లూ పిల్లగుంటకి ఇనప వడియాలు పెట్టేనేటమ్మా నేను" అంది. ఆ పూట అన్నం ముట్టలేదు.

ఎండలు ముదరకముందే ఇల్లు మారాం. ఊరికి ఆ చివర, అభన్‌పూర్ వెళ్లే రోడ్డు వైపు, రెండు గదుల అద్దె వాటా. బీర్‌గావ్ ఇల్లు అద్దెకి చూడవచ్చిన వాళ్లకి ఆయన దుమ్ము సంగతి ముందే చెప్పాడు. వాళ్లది కూడా ఆ వైపు డ్యూటీయే, తల ఊపి తీసుకున్నారు. ఈయన మాత్రం రోజూ రాయపూర్‌ని ఈ చివరినుంచి ఆ చివరికి బండి మీద దాటేవాడు. ఒక్కసారి కూడా విసుక్కోలేదు. మరుసటి చలికాలానికి పిల్లికూతలు తగ్గాయి, ఆపై ఏడాదికి ఆవిరి మిషను అటకెక్కింది. అమ్మాయి మెట్లు రెండేసి చొప్పున ఎక్కుతుంటే కసరడం మర్చిపోయి చూస్తూ ఉండిపోయేదాన్ని.

పిల్లకి మాత్రం కొత్త ఇల్లు నచ్చలేదు. బిళ్ళ ఎక్కడ రాసినా మీసాలు రావు. గోడ దగ్గరా లేదు, కిటికీ దగ్గరా లేదు. "ఈ ఘర్ బాగోలేదు" అని తీర్పు చెప్పేసింది. అలా వెతుకుతున్న రోజుల్లోనే ఒక సాయంత్రం ఆయన వచ్చి, స్నానానికి వెళ్లకముందు చాప మీద నడుం వాల్చాడు. అది పిల్లిలా వెనకనుంచి వచ్చి ఆయన తలకి బిళ్ళ ఆనించి తీసింది.

"దొరికింది! నాన్నకి ఉంది! అమ్మా, నాన్న నిండా ఉంది!"

బిళ్ళ అంచు నల్లగా బొచ్చు కట్టింది. ఆయన పకపకా నవ్వి, ఇక్కడ చూడు అంటూ చెవులు చూపించాడు, కాలరు చూపించాడు, కనుబొమ్మలు చూపించాడు. ఇద్దరూ ఒకటే నవ్వు. ఆ నవ్వు ఆయనకి దగ్గులోకి దిగింది, దగ్గు ఎంతకీ ఆగలేదు. బీడీ సిగరెట్టు ముట్టని మనిషి. నేను నీళ్ల గ్లాసు పట్టుకుని నిలబడ్డాను. కూతురి ఊపిరి తప్ప ఇంకోటి లెక్కలోకి రాని ఆ ఏళ్లన్నిట్లో ఈ దగ్గు కూడా ఇంట్లోనే ఉంది కదా అనిపించింది.

"మీరు కూడా మానేయండి" అన్నాను.

"మానేసి? ఇనుమూ బొగ్గూ వేరుచేయడం తప్ప నాకు ఇంకేటొచ్చు?" అన్నాడు. నిష్ఠూరంగా కాదు, ఉన్నమాటలాగే అన్నాడు.

అప్పటినుంచి ఫ్యాక్టరీలోనే స్నానం చేసి, బట్టలు మార్చుకుని వస్తున్నాడు. మూతికి గుడ్డ కడుతున్నాడు. పోట్లాడి పోట్లాడి ఏడాదికోసారి ఎక్స్‌రే తీయిస్తున్నాను. మధ్యలో ప్రమోషన్ వచ్చి సగం పూట గదిలో కూచునే పని అయింది, మిగతా సగం అక్కడే. అత్తగారు కరోనా తర్వాత పోయారు. బిళ్ళలు ఎవరి పిల్లలకో ఇచ్చేశాం. అమ్మాయి ఇప్పుడు తొమ్మిదో క్లాసు.

ఈమధ్య అన్నం తింటూ తనే అడిగింది: "నాన్నా, నువ్వు ఆ ఫ్యాక్టరీ ఎప్పుడు ఒదిలేస్తావు?"

"నీ చదువు అవనీ. ఆ మర్నాడే ఒదిలేస్తాను" అన్నాడు ఆయన, పప్పులో నెయ్యి కలుపుకుంటూ. కూతుర్ని సంతోషపెట్టాననుకున్నాడు. పిల్ల నెత్తిన పెట్టే మాటా అది? నాకు ఒళ్లు మండింది. అది మాత్రం పెరుగన్నం తినేసి లేచింది.

తనకి ఆవిరి పట్టించిన డాక్టరమ్మని చూసినప్పటినుంచి తనూ డాక్టరే అవుతానంటూ వచ్చిన పిల్ల. మొన్న నేను బట్టలు మడతపెడుతుంటే పక్కన కూచుని, ఒక తువ్వాలు అందుకుని మడతపెడుతూ అడిగింది: "అమ్మా, అన్నిటికన్నా తొందరగా అయిపోయే చదువు ఏది?"