తనిఖీ రోజు దాచిన పిల్లలు

ఆసుపత్రి లాండ్రీలో ముప్పై ఒక్క ఏళ్ళు దుప్పట్లు మడతపెట్టిన మనిషిని వీధిలో వాళ్ళు మడతలావిడ అనక ఇంకేమంటారు? ఆవిడ మడతపెట్టిన దుప్పటి అంచుల్లో వెంట్రుకవాసి తేడా ఉండేది కాదు. ఇంట్లోనూ అంతే. తీగ మీద తువ్వాలు వంకరగా ఉంటే ఆవిడకు అన్నం సయించేది కాదు. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, ఇంకొకరు విప్పి పారేసిన చొక్కాలు కూడా నేనే ఏరాలా అనేది.

అలాంటి ఇంట్లోకి ఒక వానాకాలంలో తమ్ముడి కూతుళ్ళు ఇద్దరు వచ్చిపడ్డారు. తమ్ముడు పోయి అప్పటికి రెండేళ్ళు. మరదలికి మనసు చెదిరి ఆసుపత్రిలో చేర్చారు, ఎప్పటికి తేరుకుంటుందో డాక్టర్లే చెప్పలేకపోయారు. పెద్దదానికి తొమ్మిదేళ్ళు, చిన్నదానికి నాలుగు. వారం తిరక్కుండానే సబ్బుపెట్టెలో బలపాలు, దిండు గలీబులో బిస్కెట్లు, గోడ మీద మూడు కాళ్ళ గుర్రం! తల ప్రాణం తోకకొచ్చేదని ఆవిడ ఇప్పటికీ చెబుతుంది. అలా చెప్పేటప్పుడు ఆ మొహంలో వెలుగు చూడాలి. మళ్ళీ ఒక్క పూట ఆ గోల వినిపిస్తే చాలు, గోడంతా గుర్రాలతో నింపనిస్తానంటుంది.

పిల్లల కోసం రాత్రి డ్యూటీలు మానేసింది. దాంతో జీతం తగ్గింది, మూడు కడుపులకు చాలడం మానేసింది. పక్కింటి టైలరమ్మ ఒక కబురు మోసుకొచ్చింది. పరాయి పిల్లల్ని పెంచే కుటుంబాలకు సంక్షేమ ఆఫీసు నెలనెలా భత్యం ఇస్తుందట. ఇప్పుడు సొంతవాళ్ళ పిల్లల్ని పెంచే బంధువులకూ ఇస్తున్నారట. అయితే ఆఫీసరు ఇంటికొచ్చి చూస్తుంది. సరే అనిపిస్తే భత్యం, లేదంటే పిల్లలు ప్రభుత్వ హోంకు పోవాలి. ఆ చివరి మాట విన్నాక మడతలావిడకు కాలు నిలవలేదు.

తనిఖీకి ఫలానా తేదీన వస్తామని ఉత్తరం వచ్చింది. అంతే, రెండు రోజులు సెలవు పెట్టి ఇల్లు తోమడం మొదలుపెట్టింది. గోడ మీద గుర్రాన్ని ఇసుకతో రుద్ది చెరిపేసింది. బొమ్మలు, పుస్తకాలు, చిన్న గౌన్లు, చివరికి పిల్లల బ్రష్షులు కూడా ఒక దుప్పట్లో మూటగట్టి టైలరమ్మ ఇంట్లో పడేసింది. ఆ మూటతోపాటు పిల్లల్నీ అక్కడే కూర్చోబెట్టింది. మేడం వెళ్ళేదాకా గడప దాటొద్దని, గట్టిగా మాట్లాడొద్దని చెప్పింది. ఇల్లు అద్దంలా ఉంటే భత్యం దానంతటదే వస్తుందని ఆ పిచ్చితల్లి నమ్మకం.

ఆఫీసరమ్మ వచ్చింది, గదులన్నీ కలియదిరిగింది.

"పిల్లలేరమ్మా?"

"పక్కింట్లో ఉన్నారండీ."

"మరి వాళ్ళ బట్టలు, పుస్తకాలు?"

"అవీ పక్కింట్లోనే ఉన్నాయండీ."

ఎంత గర్వంగా చెప్పిందో! ఆఫీసరమ్మ కాగితం మీద ఏదో రాసుకుని వెళ్ళిపోయింది. పదిరోజులకు ఉత్తరం వచ్చింది. ఈ ఇంట్లో పిల్లలు ఉంటున్న ఆనవాళ్ళు లేవని, భత్యం ఇవ్వలేమని, పిల్లల్ని హోంకు పంపే ఏర్పాట్లు చూస్తామని అందులో ఉంది. మడతలావిడ చేతులారా తానే చేసుకుంది, ఎవరిని తిట్టాలి? మర్నాడే ఆఫీసుకు పరిగెత్తి, జరిగిందంతా చెప్పి, సిగ్గు విడిచి ఏడ్చింది. ఇంకోసారి చూస్తామని, ఈసారి మాత్రం చెప్పకుండా వస్తామని అన్నారు.

అలాగే ఒక సాయంత్రం వచ్చారు. ఇంట్లో కాలు పెట్టే చోటు లేదు. చిన్నది బొమ్మకు స్నానం చేయిస్తూ ఇల్లంతా చెరువు చేసింది. కొత్త గుర్రానికి ఈసారి ఐదు కాళ్ళు. ఆఫీసరమ్మ చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని, నవ్వు ఆపుకుంటూ లోపలికొచ్చింది. మడతలావిడకు ప్రాణం లేచొచ్చింది. పిల్లలు పడుకునే చోటు చూడాలని ఆఫీసరమ్మ వంగి, మంచం కిందున్న సంచి బయటికి లాగింది.

పెద్దదాని సంచి. తన గౌన్లు, చెల్లి గౌన్లు, రెండు బ్రష్షులు, అన్నీ అంచుకు అంచు కలిపి మడతపెట్టి ఉన్నాయి. అత్త దగ్గర నేర్చుకున్న మడతే.

"ఇదెందుకు సర్దుకున్నావమ్మా?" అని అడిగింది ఆఫీసరమ్మ.

పెద్దది తల దించుకుంది. "మీరు ఆ రోజు వచ్చినప్పుడు అత్త మమ్మల్ని దాచేసింది కదండీ. మేం అక్కర్లేదేమో అనుకున్నా. వెళ్ళమంటే చెల్లి ఏడవకుండా ముందే సర్ది పెట్టా."

నెల రోజులుగా పక్కనే పడుకున్న పిల్ల మనసులో ఇంత ఉందని మడతలావిడకు ఎలా తెలుస్తుంది? సంచి అందుకుని అమాంతం నేల మీద బోర్లించింది. తడిలో, బురదలో, ఎక్కడ పడితే అక్కడ పడ్డాయి గౌన్లు. ఒక్కటీ ఎత్తలేదు. పిల్లను దగ్గరికి లాక్కుని అంది:

"నాదే తప్పే తల్లీ. నువ్వు నాకు కావాలి. ఇకమీదట ఈ ఇంటికి ఎవరొచ్చినా తలుపు నువ్వే తియ్యి."

భత్యం మంజూరైంది. పిల్ల మాత్రం ఆ మాట పట్టుకుంది. పాలవాడొచ్చినా, కరెంటు బిల్లు మనిషొచ్చినా, చదువుతున్న పుస్తకం వదిలేసి పరిగెత్తేది. అత్తను లేవనిచ్చేది కాదు. పదిహేనేళ్ళు ఆ ఇంటి తలుపు ఇంకొకరు తీయలేదు. ఇప్పుడు ఇద్దరికీ పెళ్ళిళ్ళయ్యాయి, రెండు వీధుల అవతలే ఉంటారు, వారంవారం వస్తారు.

అయినా ఎవరైనా తలుపు తడితే మడతలావిడ వెంటనే లేవదు. కాసేపు అలాగే కూర్చుంటుంది.